బ్యాంకాక్: 3 పగళ్లు, 2 రాత్రులు, ఒక్కదాన్నే. నా ప్లాన్ చూసి చెప్పండి

తీరంగాలి | 2 నవంబర్ 2024, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇక్కడ ఏళ్ల తరబడి చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. మాది వైజాగ్, హైస్కూల్లో తెలుగు చెప్తాను. వయసు 47. ఇంతవరకూ ఒక్కదాన్నే విజయవాడ దాటి వెళ్లింది లేదు. ఆ విజయవాడ కూడా పేపర్లు దిద్దడానికే.

మా ఊరి నుంచి బ్యాంకాక్‌కి ఇప్పుడు నేరుగా విమానం ఉంది. 14 రాత్రి ఎక్కితే 15 తెల్లవారకముందే డాన్ మువాంగ్‌లో దిగుతాను. 17 ఆదివారం రాత్రి తిరుగు ప్రయాణం. సోమవారం ఫస్ట్ పీరియడ్‌కి బళ్లో ఉండాలి. మావారికి విమానమంటే భయం. అబ్బాయికి పరీక్షలు. వస్తానన్న తోడికోడలు టికెట్లు కొనేరోజున జారుకుంది. నేను నాది కొనేశాను.

ప్లాన్ ఇదీ. 15న గ్రాండ్ ప్యాలెస్, వాట్ ఫో, వాట్ అరుణ్ గుళ్లు, చైనాటౌన్, ఖావ్‌సాన్ రోడ్. 16న పట్టాయా, కోరల్ ఐలాండ్, సాయంత్రానికి వెనక్కి వచ్చి నైట్ మార్కెట్. 17న అయుత్థయ, ఫ్లోటింగ్ మార్కెట్, చతుచక్, షాపింగ్, ఎయిర్‌పోర్టు.

రెండు సందేహాలు. ఒంటరి ఆడదానికి ఫర్వాలేదా? ఇంకోటి తిండి. ఈరోజే కార్తీకం మొదలైంది. నెలంతా ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టను. మూడు రోజులూ అరటిపళ్లతో గడపాలా?

గోదారోడు | 2 నవంబర్, రాత్రి 9:40

అక్కా, ఇది టూర్ ప్లాన్ కాదు, ఎలక్షన్ ప్రచారం. ప్రతి ఊళ్లోనూ చెయ్యూపి ఎల్లిపోతారా?

పట్టాయా కొట్టెయ్యండి. రానూపోనూ నాలుగైదు గంటలు రోడ్డు మీదే పోతాయి. సముద్రం చూడ్డానికా? మీ ఇంటి ముందున్నది ఏంటి మరి?

లెక్కలమాస్టారు | 2 నవంబర్, రాత్రి 10:05

నమస్తే మేడమ్. నా సలహా వేరు. మన తెలుగువాళ్లే నడిపే గ్రూపు ప్యాకేజీలు ఉంటాయి. వంటవాడిని కూడా వెంట తీసుకెళ్తారు. సాంబారు అన్నం, పెరుగు దొరుకుతాయి. ఒంటరిగా వెళ్తే గది అద్దె మొత్తం మీరే కట్టాలి, టాక్సీ మొత్తం మీరే కట్టాలి. తలకి లెక్కేస్తే ఒంటరి ప్రయాణం ఎప్పుడూ నష్టమే.

రెక్కలపురుగు | 2 నవంబర్, రాత్రి 10:31

మాస్టారూ, ఆ ప్యాకేజీలో మా అమ్మని పంపాను. రాజభవనం దగ్గర నలభై నిమిషాలు ఆపారట, రత్నాల షోరూంలో రెండు గంటలు ఆపారట. లెక్క మీరే వేసుకోండి.

తీరంగాలి గారూ, నేను ఆరేళ్లుగా ఒంటరిగానే తిరుగుతున్నాను, బ్యాంకాక్ మూడుసార్లు వెళ్లాను. ఆడవాళ్లకి ఇబ్బంది లేని ఊరే. రాత్రి పదింటికి కూడా రోడ్ల మీద తోపుడుబండ్లు, కూరగాయలు కొనుక్కునే ఆడవాళ్లు ఉంటారు. భయపడాల్సింది ఫుట్‌పాత్ మీదకి దూసుకొచ్చే మోటార్‌సైకిళ్లకి. గది మెట్రో స్టేషన్‌కి ఐదు నిమిషాల నడకలో ఉండేలా చూసుకోండి, అంతకన్నా ముఖ్యమైన సలహా నా దగ్గర లేదు. డబ్బు మాత్రం ఇక్కడే కొంత మార్చుకుని వెళ్లండి. అక్కడ ఏటీఎంలో మన కార్డు పెట్టిన ప్రతిసారీ 220 బాత్ చార్జీ కోస్తారు. బాత్ అంటే ఇప్పుడు రెండు రూపాయల నలభై పైసల పైచిలుకు.

సిద్దిపేట_చిన్నోడు | 3 నవంబర్, ఉదయం 7:15

అక్కా, వీసా గురించి ఎవరూ చెప్పలే. ఇండియా పాస్‌పోర్టుకు ఇప్పుడు వీసా అక్కర్లే, మొన్న జులై నుంచి 60 రోజులు ఉండొచ్చు. రిటర్న్ టికెట్, హోటల్ బుకింగ్ ప్రింటు తీసి చేతిలో పెట్టుకోండి. నన్నయితే ఏమీ అడగలే. నా ముందున్న పిల్లగాణ్ణి మాత్రం డబ్బులు చూపియ్యమన్నరు.

బ్యాంకాక్_బాబాయ్ | 3 నవంబర్, మధ్యాహ్నం 1:20

అమ్మా, నేను ఈ ఊళ్లో పదకొండేళ్లుగా ఉంటున్నాను. ఒక్కొక్కటే చెప్తాను.

ముందు తిండి. నీకో శుభవార్త. ఇక్కడ చైనా సంప్రదాయం నుంచి వచ్చిన ‘జే’ అనే భోజనం ఉంది. మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు. ఉల్లి, వెల్లుల్లి కూడా నిషిద్ధం. మన కార్తీక నియమమే అనుకో. అలాంటి కొట్టు ముందు పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలు ఉంటాయి. మన కంటికి ఆ అక్షరాలు 17 అంకెలా కనిపిస్తాయి. 17 కనిపిస్తే లోపలికి వెళ్లి కూర్చో. మామూలు హోటల్లో ‘వెజిటేరియన్’ అన్నా చేప రసం, నామ్‌ప్లా అంటారు, ఒక చెంచా పోసేస్తారు. వాళ్ల లెక్కలో అది ఉప్పుతో సమానం. పహురత్‌లో మనవాళ్ల హోటళ్లున్నాయి కానీ అక్కడ ఉల్లిపాయ తప్పదు.

రెండోది తేదీ. నువ్వు చూసుకునే టికెట్ కొన్నావో లేదో తెలియదు, 15న కార్తీక పౌర్ణమి. ఆ రాత్రే ఇక్కడ లాయ్ క్రథాంగ్ పండగ. అరటిబోదె ముక్క చుట్టూ అరటాకు మడిచి కుట్టి, పూలు, అగరొత్తులు, కొవ్వొత్తి పెట్టి నదిలో వదులుతారు. మా అమ్మ గోదావరిలో అరటిదొప్పలో దీపం వదిలినట్టే ఉంటుంది. ఆ సాయంత్రం చైనాటౌన్, ఖావ్‌సాన్ అని పెట్టుకోకు. నది ఒడ్డున ఉండు.

మూడోది దారి. డాన్ మువాంగ్ నుంచి రెడ్ లైన్ రైలు ఎక్కితే 20 బాత్‌కి బాంగ్ స్యూలో పెద్ద స్టేషన్‌కి చేరతావు. అక్కడ మెట్రో బ్లూ లైన్. సామ్ యోత్ స్టేషన్ దగ్గర గది తీసుకుంటే తర్వాతి స్టేషనే సనామ్ చాయ్. అక్కడినుంచి వాట్ ఫో, రాజభవనం నడకే. సనామ్ చాయ్‌లో దిగినప్పుడు ఒకసారి తలెత్తి చూడు. స్టేషన్ లోపల రాజదర్బారులా స్తంభాలు, పైకప్పు కట్టారు.

నాలుగోది బాగా గుర్తుపెట్టుకో. రాజభవనం దారిలో పెద్దమనిషిలా ఉన్నవాడు ఎవడైనా వచ్చి ‘ఈరోజు మూసేశారు’ అంటే, నమ్మకు. ఆటో లాంటి తుక్‌తుక్ ఎక్కించి నగల కొట్టుకి తీసుకెళ్తారు. ఈ మోసం నేను రాకముందు నుంచీ ఉంది, ఇంకా నడుస్తూనే ఉంది.

తీరంగాలి | 3 నవంబర్, రాత్రి 8:50

బాబాయ్ గారూ, పౌర్ణమి సంగతి చూసుకోలేదు. సెలవు కుదిరిన రోజని కొన్నాను, అంతే. దొప్పల మాట చదవగానే ఒళ్లు జలదరించింది.

పట్టాయా కొట్టేశాను. ఫ్లోటింగ్ మార్కెట్ కూడా. అయుత్థయ మాత్రం వదలబుద్ధి కావడం లేదు. అయోధ్య పేరు పెట్టుకున్న ఊరు కదా.

లెక్కలమాస్టారు | 3 నవంబర్, రాత్రి 9:30

అయుత్థయకి మూడో తరగతి రైలు టికెట్ ఇరవై బాత్ లోపే. అది మాత్రం వదలకండి.

గోదారోడు | 3 నవంబర్, రాత్రి 9:33

మాస్టారికి చవకైనదల్లా చూడదగ్గదే.

తీరంగాలి | 15 నవంబర్, సాయంత్రం 5:45

చేరాను. బతికే ఉన్నాను. ముందు నా తెలివితక్కువతనం చెప్పి పాపం కడుక్కుంటాను.

బాబాయ్ గారు అంత స్పష్టంగా రాశారు. నేను దాన్ని డైరీలో కూడా ఎక్కించుకున్నాను. అయినా పడ్డాను.

సనామ్ చాయ్‌లో దిగి గోడ పక్కనే నడుస్తున్నాను. తెల్లచొక్కా, మెళ్లో గుర్తింపు కార్డు, మా హెడ్‌మాస్టర్ వయసు ఉన్న ఆయన ఎదురొచ్చాడు. ఏ దేశం అన్నాడు. ఇండియా అనగానే చేతులు జోడించాడు. ‘ఈరోజు పౌర్ణమి కదా, లోపల పూజ జరుగుతోంది, ఒంటిగంట దాకా బయటివాళ్లని రానివ్వరు’ అన్నాడు. అదే దెబ్బ కొట్టింది. ఊరికే మూసేశారంటే నమ్మేదాన్ని కాదు. పౌర్ణమి పూజ అనేసరికి మనసు ఎదురు చెప్పలేదు! మా సింహాచలంలో కూడా అంతే కదా అనుకున్నాను. ఈలోపు తుక్‌తుక్ వచ్చి ఆగింది. ఇరవై బాత్‌కి మూడు గుళ్లు చూపిస్తాడట.

ఒక గుడి చూపించిన మాట నిజమే. రెండోది బట్టలు కుట్టే కొట్టు, మూడోది రత్నాల కొట్టు. తలుపు తీసిన అమ్మాయి ‘సర్కారు తగ్గింపు, ఈరోజే ఆఖరు’ అన్నప్పుడు నా డైరీలో పేజీ కళ్లముందు కనిపించింది. ఏం చెప్పాలో తెలియక ‘మా ఆయన్ని అడగాలి’ అన్నాను. పాతికేళ్ల కాపురంలో ఆయన పేరు ఇంత అక్కరకొచ్చింది ఇప్పుడే. బయటికొచ్చి చూస్తే తుక్‌తుక్ లేదు. ఎక్కడున్నానో తెలియదు. ఫోన్‌లో క్యాబ్ పిలిచి వెనక్కి వచ్చేసరికి 140 బాత్, దాదాపు రెండు గంటలు హుష్‌కాకి.

గేటు బార్లా తీసి ఉంది. పొద్దున ఎనిమిదిన్నర నుంచీ తీసే ఉందట.

మిగతాది రాత్రికి రాస్తాను. దీపం వదలడానికి వెళ్తున్నాను.

బ్యాంకాక్_బాబాయ్ | 15 నవంబర్, సాయంత్రం 6:10

నేను చెప్పినా మా బావమరిది కూడా పడ్డాడు. వాడు నీలం రాయి కొనుక్కొచ్చాడు. నువ్వు నయం. ఫ్రా సుమేన్ కోట పక్క పార్కు దగ్గరికి వెళ్లు. ఒడ్డు జారుతుంది, మెట్లు దిగేటప్పుడు జాగ్రత్త.

తీరంగాలి | 16 నవంబర్, ఉదయం 6:20

రాత్రి వచ్చేసరికి బాగా పొద్దుపోయింది, రాయలేకపోయాను.

ఫ్రా సుమేన్ అంటే సుమేరువు. కోటకి మేరుపర్వతం పేరు! పక్కన పార్కులో ఇసుక వేస్తే రాలనంత జనం. దారి పొడుగునా చాపలు పరుచుకుని ఆడవాళ్లు క్రథాంగ్‌లు కుడుతున్నారు. ఒకావిడ దగ్గర కూర్చున్నాను. అరటిబోదెని మూడు వేళ్ల మందాన చక్రంలా కోస్తుంది. ఆకుని రిబ్బనులా చీల్చి, గోపురం ఆకారంలో మడిచి, గుండుసూదితో బోదెకి గుచ్చుతుంది. మధ్యలో బంతిపువ్వు, కొవ్వొత్తి, మూడు అగరొత్తులు. రొట్టెతో చేసినవీ ఉన్నాయి, అవి చేపలకి. నేను అరటిబోదెదే తీసుకున్నాను. రూపాయి బిళ్ల వెయ్యమని సైగ చేసింది. నా పర్సులో మన ఐదు రూపాయల బిళ్ల తగిలింది, అదే వేశాను. గంగమ్మతల్లిని తలుచుకుని వదిలాను. వాళ్లు కూడా నీటితల్లిని ‘మే ఖాంగ్‌ఖా’ అనే పిలుస్తారట. ఖాంగ్‌ఖా అంటే గంగ!

నా క్రథాంగ్ రెండు గజాలు పోయి ఒడ్డుకే తిరిగొచ్చింది. పక్కనున్న కుర్రాడు పొడవాటి కర్రతో నెట్టాడు. మళ్లీ వచ్చింది. మూడోసారికి పోయింది.

రెక్కలపురుగు | 16 నవంబర్, ఉదయం 8:02

పొద్దున్నకల్లా నగరపాలక సిబ్బంది పడవల్లో తిరిగి వాటన్నిటినీ ఎత్తేస్తారండి. లక్షల్లో పోగవుతాయి. మీ ఐదు రూపాయల బిళ్ల ఎవరి చేతికొచ్చిందో!

ఇంతకీ ప్యాలెస్ లోపల ఏం చూశారు? అది చెప్పలేదు.

తీరంగాలి | 16 నవంబర్, రాత్రి 9:05

అదే చెప్పబోతున్నాను. 500 బాత్ టికెట్. లోపల ముందు వచ్చేది వాట్ ఫ్రా కేవ్, మరకత బుద్ధుడి గుడి. విగ్రహం 66 సెంటీమీటర్లే, అదీ నిజంగా మరకతం కాదు, ఆకుపచ్చ రాయి. ఎత్తైన పీఠం మీద బంగారు వస్త్రం కట్టుకుని కూర్చున్నాడు. లోపల ఫొటోలు తియ్యనివ్వరు. మోకాళ్ల మీద కూర్చుని కాళ్లు వెనక్కి మడుచుకోవాలి, పాదాలు ఆయన వైపు ఉండకూడదు. మనకి చెప్పక్కర్లేదు కదా.

బయటికొచ్చాక గుడి ప్రాంగణం చుట్టూ మండపంలాంటి వసారా కనిపించింది. ఎండ తప్పించుకుందామని అందులోకి నడిచాను. గోడ నిండా రామాయణం! కింద నుంచి పైదాకా 178 దృశ్యాలు. మొదటి రాముడు, అదే ఈ రాజవంశానికి మూలపురుషుడు, 1782లో ఈ నగరం కట్టినప్పటి కాలపు బొమ్మలట. తర్వాత చాలాసార్లు రంగులు దిద్దారట. నేను దిగింది ఎక్కడో యుద్ధం మధ్యలో. తెల్లటి హనుమంతుడు. ఆకుపచ్చ రాముడు. ఆకుపచ్చ రావణుడు కూడా, తల మీద తలలు గోపురంలా పేర్చి. నగలకీ కిరీటాలకీ బంగారు రేకు అతికారు, మన పక్కనుంచి ఎవరైనా నడిస్తే ఆ మెరుపు కదులుతుంది.

అక్కడ ఒక బొమ్మ ముందు ఆగిపోయాను. హనుమంతుడు కొండంత పెరిగి నోరు తెరిచాడు. ఆ నోట్లో ఒక మందిరం. ఆ మందిరంలో రాముడు నిద్రపోతున్నాడు. ఇది ఏ కథ? నేను ఇరవై రెండేళ్లుగా రామాయణం చెప్తున్నాను. నాకు తెలియలేదు.

తోలుబొమ్మ | 16 నవంబర్, రాత్రి 9:48

మేడమ్, అది మీకు తెలిసిన కథే. అక్కడ వాణ్ణి మైయరాప్ అంటారు. మన మైరావణుడు!

మాది అనంతపురం వైపు, చిన్నప్పుడు తోలుబొమ్మలాటలో తెల్లవార్లూ చూసేవాళ్లం. పాతాళం నుంచి మైరావణుడు వచ్చి రామలక్ష్మణుల్ని ఎత్తుకుపోతాడని విభీషణుడు చెప్తాడు. అప్పుడు మన కథలో హనుమంతుడు తోకని చుట్టి కోట కడతాడు. వాళ్ల కథలో నోట్లో దాచుకుంటాడు. రెండు చోట్లా ఎత్తుకుపోవడం ఆగదు. మనవాళ్లు ఈ కథ వాల్మీకిలో లేదని బడిలో చెప్పరు. బొమ్మలాటవాళ్లు ఎప్పుడూ వదల్లేదు.

ఇంకో బొమ్మ వెతకండి. పాతాళం దారిలో హనుమంతుడిని ఒక పిల్లవాడు అడ్డగిస్తాడు. ఆయన కొడుకే. సగం కోతి, చేపతోక. మనకి మత్స్యవల్లభుడు, వాళ్లకి మచ్ఛాను.

సిద్దిపేట_చిన్నోడు | 16 నవంబర్, రాత్రి 10:15

ఆగండాగండి. హనుమంతునికి కొడుకేంది? ఆయన బ్రహ్మచారి కదా?

తోలుబొమ్మ | 16 నవంబర్, రాత్రి 10:27

మన కథలో ఆయన చెమటబొట్టు సముద్రంలో పడితే చేప మింగింది తమ్ముడూ, బ్రహ్మచర్యానికి భంగం లేదు. థాయ్ కథలో మాత్రం ఆ మొహమాటం లేదు. సేతువు కడుతుంటే రావణుడి కూతురు, బంగారు మత్స్యకన్య, రాళ్లు లాగేస్తుంటుంది. హనుమంతుడు పట్టుకోవడానికి వెళ్లి ప్రేమలో పడతాడు. పేరు సువన్నమచ్ఛా. సువర్ణమత్స్య అన్నమాట. అంతే కాదు, వాళ్ల కథలో సీత కూడా రావణుడి కూతురే.

ధర్మపన్నాలు | 16 నవంబర్, రాత్రి 10:50

ఇలాంటి వక్రీకరణలు మన వేదికలో రాయడం అవసరమా? రామాయణం ఒక్కటే.

తోలుబొమ్మ | 16 నవంబర్, రాత్రి 11:04

సీత రావణుడి కూతురన్న మాట మన దేశంలో జైన రామాయణాల్లోనూ ఉందండీ. వాళ్లు మన కథని పాడుచెయ్యలేదు. రాజులందరికీ రాముడని పేరు పెట్టుకున్నారు. ఇప్పుడున్నది పదో రాముడు. అంత గౌరవం మన రాజులెవరిచ్చారు?

నిర్వాహకుడు | 16 నవంబర్, రాత్రి 11:20

రామాయణ చర్చకి వేరే విభాగం ఉంది. ఇక్కడ ప్రయాణం వరకే. మత్స్యకన్యని మాత్రం ఉండనిస్తున్నాను.

గోదారోడు | 17 నవంబర్, ఉదయం 6:40

అక్కా, శనివారం ఏం చూశారో చెప్పనేలేదు. తిండి సంగతి కూడా.

తీరంగాలి | 17 నవంబర్, ఉదయం 7:30

గబగబా చెప్తాను తమ్ముడూ, బయల్దేరుతున్నాను.

పొద్దున్నే వాట్ ఫో. పడుకున్న బుద్ధుడు 46 మీటర్లు. స్తంభాలు అడ్డం, ఒకేసారి మొత్తం ఎక్కడనుంచీ కనపడడు. ముఖం దగ్గర కొంచెం, పొట్ట దగ్గర కొంచెం చూసుకుంటూ పోవాలి. నాకు పాదాలు నచ్చాయి. ముత్యపు చిప్పతో 108 మంగళ చిహ్నాలు పొదిగారు. వెనకవైపు వరసగా 108 కంచుగిన్నెలు, ఒక్కోదాంట్లో ఒక్కో చిల్లర బిళ్ల వెయ్యాలి. గదంతా ఆ టింగుటింగు శబ్దమే. నాకు 104 దగ్గర బిళ్లలు అయిపోయాయి. వెనకున్న పెద్దాయన నాలుగు బిళ్లలు నా చేతిలో పెట్టాడు.

పడవ మీద అవతలికి, వాట్ అరుణ్. ఆ గోపురం నిండా పింగాణీ కంచాల ముక్కలే పూలలా అతికారు. దూరం నుంచి తెల్లగా ఉంటుంది, దగ్గరికెళ్తే మా అమ్మమ్మ ఇంట్లో పగిలిన సాసర్లు గుర్తొచ్చాయి. మెట్లు నిట్టనిలువు, దిగేటప్పుడు వెనక్కి తిరిగి నిచ్చెన దిగినట్టు దిగాను.

మధ్యాహ్నం కాలువ పడవ, ఖ్లాంగ్ సేన్ సేప్‌లో. బాబాయ్ గారు దీని గురించి చెప్పలేదేం? నల్లటి నీళ్లు, వాసన, కానీ బస్సు కన్నా వేగం. పడవ ఆగీ ఆగకముందే దూకాలి. పక్కనే తాడు ఉంటుంది, ఎదురుగా ఇంకో పడవ రాగానే ఆ చివర కూర్చున్నవాళ్లు తాడు లాగితే ప్లాస్టిక్ పరదా పైకి లేచి నీళ్లు పడకుండా ఆపుతుంది. నేను తాడు పక్కన కూర్చున్నానని నాకు తెలియదు. ఎదురు సీట్లో ఆవిడ అరిచింది. అర్థమయ్యేసరికి నా పక్కన ఆఫీసు బట్టల్లో ఉన్న అమ్మాయి మీద నీళ్లు పడ్డాయి. ఆ తర్వాత ప్రతి పడవకీ తాడు నేనే లాగాను. కండక్టర్ పడవ అంచు మీద, బయటివైపు, హెల్మెట్ పెట్టుకుని నడుస్తూ టికెట్లు కొడుతుంది. వంతెన వస్తే వంగుతుంది. చూస్తేనే నాకు టెన్షన్.

తిండికి 17 కొట్లు మూడు దొరికాయి. పుట్టగొడుగుల కూర, టోఫు, అన్నం, 50 బాత్ లోపే. ఇంకోచోట మామిడిపండు, కొబ్బరిపాలు పోసిన జిగురన్నం తిన్నాను. కార్తీకంలో మామిడిపండు!

ఇప్పుడు ఎక్కడికో చెప్తే మాస్టారు తిడతారు.

లెక్కలమాస్టారు | 17 నవంబర్, ఉదయం 7:52

అయుత్థయే కదా? రైలు ఆలస్యమవుతుంది, తొందరగా వెళ్లండి.

తీరంగాలి | 17 నవంబర్, సాయంత్రం 4:30

మాస్టారూ, అయుత్థయ వెళ్లలేదు. మళ్లీ 500 బాత్ ఇచ్చి రాజభవనానికే వెళ్లాను.

లెక్కలమాస్టారు | 17 నవంబర్, సాయంత్రం 4:41

అయ్యో! 1,200 రూపాయల పైనే! ఇరవై బాత్ రైలు వదిలేసి! చూసిందే చూడ్డానికి!

తీరంగాలి | 17 నవంబర్, సాయంత్రం 5:15

చూసింది చూడలేదండీ. అది కూడా చెప్తాను.

తెరవగానే లోపలికి వెళ్లి, ఈసారి కథ మొదటినుంచి చూద్దామని ఉత్తర ద్వారం దగ్గర మొదలుపెట్టాను. జనకుడు నాగలి దున్నుతుంటే సీత దొరికే బొమ్మ. అక్కడినుంచి గడియారం ముల్లులా చుట్టూ తిరగడమే. మూడున్నర గంటలు పట్టింది. గైడు జెండాలు పట్టుకుని గ్రూపులు వస్తున్నాయి, రెండు బొమ్మల దగ్గర ఫొటో దిగి పోతున్నాయి. మావారుంటే ‘ఇంకెంతసేపు’ అని పదిసార్లు అడిగేవారు. మా తోడికోడలు షాపింగ్ అనేది. నేను కాళ్లు నొప్పెడితే అరుగు మీద కూర్చుని, మళ్లీ లేచాను.

బొమ్మల్లో రాజులూ రాక్షసులూ పైన ఉంటారు. కింద మూలల్లో చూడాలి. వంట చేసేవాళ్లు, పేకాటలాంటిదేదో ఆడేవాళ్లు, పిల్లల్ని చంకనేసుకున్నవాళ్లు. లంకలో యుద్ధం జరుగుతుంటే వీళ్ల పని వీళ్లది.

తోలుబొమ్మ గారూ, మచ్ఛాను దొరికాడు. చిన్న తెల్లకోతి, తోక మాత్రం చేపది. తండ్రీకొడుకులు ఒకరినొకరు తెలియక కొట్టుకుంటున్నారు. దాని తర్వాత కొంచెం దూరంలో ఒకచోట తెర కట్టి, లోపల రంగులు దిద్దుతున్నారు. వెనక ఏ బొమ్మ ఉందో కనపడలేదు.

ఇక మాస్టారి 1,200. వెళ్లేముందు మరకత బుద్ధుడికి ఇంకోసారి దణ్ణం పెట్టుకుందామని వెళ్లాను. శుక్రవారం ఒక భుజం మీద వస్త్రం ఉంది, రెండో భుజం ఖాళీ. ఇవాళ మెడ నుంచి కిందిదాకా బంగారు తీగలతో అల్లిన దుప్పటి! నేను పొరపాటు పడ్డానేమో అనుకున్నాను.

బ్యాంకాక్_బాబాయ్ | 17 నవంబర్, సాయంత్రం 5:40

పొరపాటు కాదమ్మా. ఏడాదికి మూడుసార్లు వస్త్రం మారుస్తారు, వేసవికి, వానలకి, చలికి. చలికాలం వస్త్రం మార్చేది పన్నెండో నెల పౌర్ణమి మర్నాడు, అంటే నిన్న. రాజుగానీ ఆయన తరఫున రాజకుటుంబీకులుగానీ మారుస్తారు. నువ్వు మొదటిరోజు చూసింది వర్షాకాలపు బట్టల్లో ఆఖరి రోజు. పదకొండేళ్లలో నేను ఇలా రెండూ చూడలేదు.

తీరంగాలి | 17 నవంబర్, సాయంత్రం 5:48

మా అప్పన్న నిజరూప దర్శనం గుర్తొచ్చింది. చందనం ఒలిచేది ఏడాదికి ఒక్కరోజే.

లెక్కలమాస్టారు | 17 నవంబర్, సాయంత్రం 6:02

సరే. రెండు దర్శనాలకి రెండు టికెట్లు. లెక్క సరిపోయింది.

రెక్కలపురుగు | 17 నవంబర్, సాయంత్రం 6:10

తీరంగాలి గారూ, ఆ టికెట్‌తోనే ఖోన్ ముఖతొడుగు నృత్యం కూడా చూడొచ్చు, అదీ రామాయణమే. చూశారా?

తీరంగాలి | 17 నవంబర్, సాయంత్రం 6:14

అయ్యో, అది సోమవారం నుంచి శుక్రవారం వరకేనట. శుక్రవారం నాకు తెలియదు, తుక్‌తుక్‌లో తిరుగుతున్నాను. ఇవాళ ఆదివారం. ఆ తెల్లచొక్కా ఆయన నాకు చేసిన నష్టం 140 బాత్ కాదు, ఇదీ!

ఎయిర్‌పోర్టు రైల్లో ఉన్నాను. వైజాగ్ వెళ్లాక రాస్తాను.

తీరంగాలి | 19 నవంబర్, రాత్రి 9:30

ఫస్ట్ పీరియడ్‌కి అందుకున్నాను. టెన్త్ పిల్లలకి సమాసాలు చెప్పాలి. పుస్తకం పక్కన పెట్టి బోర్డు మీద బ్యాంకాక్ అసలు పేరులో ముక్కలు రాశాను. మన ఉచ్చారణలోకి మార్చి: ‘నవరత్నరాజధానీపురీరమ్య’, ‘శక్రదత్త విష్ణుకర్మప్రసిద్ధి’. విడగొట్టండి అన్నాను. ఎవరిదిరా ఈ ఊరు అంటే ఒకడు హంపి అన్నాడు, ఒకడు ద్వారక అన్నాడు. ఇంద్రుడు ఇస్తే విశ్వకర్మ కట్టిన ఊరు అని అర్థం రా, పేరు బ్యాంకాక్ అంటే వెనక బెంచీ నుంచి పెద్ద నవ్వు.

మాస్టారు అడగకముందే లెక్క: విమానం కాక మొత్తం 5,900 బాత్. అందులో రెండు రాత్రుల గది 2,300.

వానకోయిల | 3 ఆగస్టు 2025, ఉదయం 10:10

పాత చర్చని పైకి లేపుతున్నందుకు క్షమించండి. అమ్మని తీసుకుని ఈ నెలాఖరుకి వెళ్తున్నాను. ఏదో ఆన్‌లైన్ ఫారం నింపాలంటున్నారు, నిజమేనా? ఒక సైటు డబ్బులు అడుగుతోంది.

బ్యాంకాక్_బాబాయ్ | 3 ఆగస్టు 2025, ఉదయం 11:35

నిజమే. 2025 మే 1 నుంచి ‘డిజిటల్ అరైవల్ కార్డ్’ తప్పనిసరి. దిగడానికి మూడు రోజుల ముందు నుంచి నింపొచ్చు. పూర్తిగా ఉచితం. డబ్బు అడిగితే అది దొంగ సైటు, మూసెయ్యమ్మా. థాయ్ ఇమిగ్రేషన్ వాళ్ల సైటులోనే నింపు.

తీరంగాలి | 3 ఆగస్టు 2025, రాత్రి 8:20

వానకోయిల గారూ, ప్యాలెస్‌కి వెళ్తే నాకో పని చేసిపెట్టండి. హనుమంతుడూ మచ్ఛానూ కొట్టుకునే బొమ్మ దాటాక నేను వెళ్లినప్పుడు తెర కట్టి ఉంది. వెనక ఏముందో చూసి చెప్పండి. తొమ్మిది నెలలుగా అదే ఆలోచన. తండ్రీకొడుకులు గుర్తుపట్టుకుని కౌగిలించుకునే బొమ్మ అయ్యుంటుందని నా నమ్మకం.

వానకోయిల | 2 సెప్టెంబర్ 2025, రాత్రి 9:55

వెళ్లొచ్చామండీ. తెల్లచొక్కా ఆయన మాకూ ఎదురయ్యాడు, అమ్మ తెలుగులో తిట్టింది.

మీరు చెప్పిన చోటు వెతికాను. ఇప్పుడు తెర లేదు, రంగులు కొత్తగా ఉన్నాయి. కౌగిలి లేదండీ. కింద మూలలో నలుగురు సైనికులు పొయ్యి చుట్టూ కూర్చుని అన్నం వండుకుంటున్నారు. ఒకడు మూత తీసి చూస్తున్నాడు. ఫొటో పెడుతున్నాను.